కుండ, కుమ్మరి, కోటి బ్రహ్మాండాలు

పోయిన ఏడు మా ఇంట్లోవాళ్ళమంతా హంపికి పోయినప్పుడు విరూపాక్ష గుడిలో ఒక చీకటి గది చూశాం. గోడకున్న సందులోంచి వెలుతురు వచ్చి, ఎదుటి గోడమీద పెద్ద గోపురం తలకిందులుగా పడుతుంది. మా అవ్వ అది చూసి "అంతా సామి మహిమ" అని చేతులు జోడించింది. సూక్ష్మరంధ్ర కెమెరా పాఠం చదువుకున్నాను గదా, వెలుతురు నేరుగా పోతుంది కాబట్టి పైది కిందికీ కిందిది పైకీ పడుతుందని చెప్పాను. అవ్వ అంతా విని, "సరే నాయనా, వెలుతురును నేరుగా పొమ్మన్నదెవరు?" అంది. నాకు జవాబు తోచలేదు. ఈ వ్యాసం అక్కణ్ణుంచే పుట్టింది.

2021లో విజయనగర జిల్లా వేరయ్యేదాకా హంపి మన బళ్ళారి జిల్లాలోదే. ఆ రాజ్యం కొత్తగా లేచిన 14వ శతాబ్దంలో 'సర్వదర్శనసంగ్రహం' అనే సంస్కృత గ్రంథం పుట్టింది. రాసింది మాధవుడు. ఆయన విద్యారణ్యులేనని కొందరు, సాయణుని కొడుకు మాధవుడని కొందరు అంటారు. విరూపాక్ష గుడి మంటపం పైకప్పులో పల్లకిలో పోతున్న విద్యారణ్యుల బొమ్మ ఉంది, ఈసారి పోయినప్పుడు తల పైకెత్తి చూడండి. ఆ పుస్తకం మొదలయ్యేది దేవుడే లేడనే చార్వాకులతో! లోకం కళ్ళారా చూసే రాజు తప్ప వేరే పరమేశ్వరుడు లేడని వాళ్ళ వాదం. ఒకరి మాటను తరువాతివారు ఖండించేటట్టు ఆయన మతాలను వరుసగా పేర్చాడు. ఒప్పుకోని మాటను కూడా దాచకుండా రాయడం నాకు బాగా నచ్చింది.

దేవుడున్నాడని రుజువు చేయడానికి అందులో న్యాయశాస్త్రం వాళ్ళు చెప్పేది కుండ సామెత. కుండ చేసిన వస్తువు, కాబట్టి దానికి కుమ్మరి ఉన్నాడు. కొండలు, సముద్రాలు కూడా చేసినవే, కాబట్టి వాటికీ ఒక కర్త ఉండాలి. ఇదే వాదాన్ని 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు తన 'తర్కసంగ్రహ దీపిక'లో రాశాడు. కాశీకి పోయొచ్చినంత మాత్రాన అందరూ అన్నంభట్టు కాలేరని ఆయన మీద ఒక నానుడి కూడా ఉంది.

మరి అవతలివాళ్ళు ఊరుకున్నారా? జైనులు అడిగిన ప్రశ్న నాకు గట్టిదనిపించింది. కుండను ఒకడు చేస్తాడు సరే, పెద్ద మేడను ఎంతోమంది కలిసి కడతారు గదా, మరి లోకానికి కర్త ఒక్కడే అని ఎట్లా చెప్తారు? హంపిలో నిలబడి చూస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. విఠల గుడిని ఒక్కడు చెక్కాడంటే ఎవరు నమ్ముతారు! ఇట్లా అడిగిన జైనులకు ఆ రాజధానిలోనే గుడి ఉంది. కంప్లి దోవలో ఉండే గాణిగిత్తి బసదిని రెండో హరిహరరాయల దండనాయకుడు ఇరుగప్ప 1385లో కట్టించాడు. అంతకు ముందు 1368లో జైనులకూ శ్రీవైష్ణవులకూ తగాదా వస్తే, బుక్కరాయలు జైనుల చేయి తీసి వైష్ణవుల చేతిలో పెట్టి రాజీ చేశాడని శ్రవణబెళగొళ శాసనంలో ఉంది.

ఇప్పుడు ఆ వాదం కొత్త వేషంలో వచ్చింది. హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు దాని ద్రవ్యరాశిలో వెయ్యికి 7 వంతులు శక్తి అవుతుంది. అది 6 అయితే విశ్వంలో హైడ్రోజన్ తప్ప ఏమీ ఉండేది కాదని, 8 అయితే హైడ్రోజనే మిగిలేది కాదని మార్టిన్ రీస్ అనే శాస్త్రవేత్త 1999లో ఒక పుస్తకంలో రాశాడు. హైడ్రోజన్ లేకుంటే నీళ్ళెక్కడివి? ఇంత సరిగ్గా ఎవరో అమర్చారు, ఆయనే దేవుడు అని కొందరంటారు. అక్కర్లేదు, లెక్కలేనన్ని విశ్వాలుంటే వాటిలో ఒకటి మనకు సరిపోతుందని ఇంకొందరంటారు. దీన్నే బహుళ విశ్వాల ఊహ అంటారు. మన బళ్ళారి జీన్స్ అంగడిలో అన్ని సైజులూ ఉంటే నాకు ఒకటి సరిపోతుంది, నాకోసం దర్జీ కొలత తీసుకోవాల్సిన పనిలేదు. కానీ అంగడి ఎవరు పెట్టారనే ప్రశ్న అట్లాగే ఉంటుంది. పైగా ఇంతవరకూ ఏ దుర్భిణికీ రెండో విశ్వం చిక్కలేదు. కనపడని కోట్ల విశ్వాలకంటే ఒక్క దేవుణ్ణి ఒప్పుకోవడమే సులువని రిచర్డ్ స్విన్‌బర్న్ అనే తత్వవేత్త వాదన. ఒకటి చాలేచోట పదింటిని ఊహించకూడదని మన న్యాయశాస్త్రం వాళ్ళూ అన్నారు. దానికి 'లాఘవం' అని పేరు.

తమాషా ఏమంటే, అక్కడ కోటి విశ్వాలు దేవునికి పోటీగా వచ్చాయి. మన ఇళ్ళలోనేమో తిరుమల వెంకన్నను "అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకా" అనే పిలుస్తాం. దీన్ని చూసి, సైన్సు చెప్పేదంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉందని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పురాణాల్లో బ్రహ్మాండాలు దేవుడెంత పెద్దవాడో చెప్పడానికి వచ్చినవి, లెక్క కట్టి తేల్చినవి కావు. కానీ విశ్వాలు ఎక్కువైతే దేవుడు పోతాడనే భయం మాత్రం మన పెద్దలకు లేదు.

ఇవన్నీ చదివినాక అవ్వకు చెప్పాను. "కోటి ఉంటే కోటికీ ఆయనే" అంది, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా. "అన్నిటికీ ఒక్కడేనా అవ్వా?" అని జైనుల ప్రశ్న అడిగాను. కాసేపు ఆలోచించి, "దానికి ఆ కాలంలోవాళ్ళు ఏం చెప్పినారో అది కూడా చదివి నాకు చెప్పు" అంది.