పిల్లీ, పాలూ, మంచినీళ్ళూ

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందన్న సంగతి మనందరికీ తెలుసు. ఆ మాటను తోడికోడళ్ళ మీదా, ఆడపడుచుల మీదా కావలసినన్నిసార్లు వాడేశాం కూడా. కాని పిల్లి కళ్ళు తెరుచుకుని మంచినీళ్ళు తాగుతూండగా మీలో ఎంతమంది చూశారు? కాస్త ఆలోచించి చెప్పండి. మా ఇంట్లో గౌరి అనే పిల్లి ఆరేళ్ళుగా ఉంటోంది. అది నీళ్ళు తాగడం మొదటి ఏడాదిలో నేను చూసింది బహుశా పదిసార్లు కూడా ఉండదు.

కారణం వెతుక్కుంటూ వెడితే చాలా వెనక్కి వెళ్ళాలి. మన ఇంటి పిల్లికి పూర్వీకులు పశ్చిమాసియాలోనూ, ఉత్తర ఆఫ్రికాలోనూ ఎడారి అంచుల్లో తిరిగే అడవి పిల్లులని 2007లో జన్యు పరీక్షలు చేసి తేల్చారు. నీటిచుక్క కనబడని చోట పుట్టిన జాతి అది. దాహమన్నది దానికి సులువుగా వెయ్యదు. పట్టుకు తినే ఎలుకలో బరువుకు నూటికి డెబ్బై పాళ్ళు నీరే ఉంటుంది కనుక తిండిలోనే తాగుడూ జరిగిపోయేది. ఒంట్లో ఉన్న కాస్త నీటినీ పొదుపుగా వాడుకుని, మూత్రాన్ని చిక్కబరిచి బయటికి పంపే మూత్రపిండాలు దానివి. నెలాఖరున మనం పాలూ పెరుగూ సర్దుకున్నట్టన్నమాట.

ఇది మనిషి ఇంటికి చేరింది ధాన్యం కోసం కాదు, ధాన్యం తినే ఎలుక కోసం. సైప్రస్ ద్వీపంలో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం ఒకటి దొరికిందని 2004లో ప్రకటించారు. దాని వయసు సుమారు 9,500 ఏళ్ళు. ఆ ద్వీపంలో సహజంగా పిల్లులు లేవు. కాబట్టి ఎవరో దాన్ని పడవెక్కించి తీసుకొచ్చారు.

పడవలంటే మన తీరం సంగతి గుర్తొస్తుంది. 1780లలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకొకడికి నాగలికింద పాత గుడి ఆనవాళ్ళూ, వాటి అడుగున ఒక చిన్న కుండా దొరికాయి. కుండ నిండా రోమను బంగారు నాణేలు! ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలంవి. అంటే క్రీస్తు తరువాత రెండో శతాబ్దంలో మన సరుకూ వాళ్ళ బంగారమూ సముద్రం మీద చేతులు మారాయి. ఆ వ్యాపారానికి అవతలి గట్టున ఉన్న రేవుల్లో ఒకటి ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న బెరెనికే. సరిగ్గా అదే కాలం నాటి పెంపుడు జంతువుల శ్మశానం అక్కడ బయటపడింది. 2021 నాటికి లెక్క తేలినవి 585 జంతువులు. నూటికి తొంభైకి పైగా పిల్లులే! కొన్నిటి మెడలో పూసల దండలున్నాయట. నన్ను ఆకట్టుకున్నది మాత్రం దండలు కాదు. పళ్ళన్నీ ఊడిపోయిన ముసలి జీవాలు కూడా అక్కడ చాలాకాలం బతికి పోయాయి. అంటే ఎవరో వాటికి మెత్తని తిండి తయారుచేసి పెట్టారు. చుట్టూ ఎడారి, తాగేనీరు దూరం నుంచి మోసుకు తెచ్చుకోవాల్సిన ఊరు. అందులో పిల్లి తిన్నదా, అరిగిందా, తాగిందా అని చూసుకున్న ఇల్లాలొకత్తె ఉండే ఉంటుందని నా నమ్మకం. ఆవిడ పేరు ఏ శాసనంలోనూ ఎక్కదు లెండి.

మన దేశంలో పిల్లిని ప్రభుత్వమే వెనకేసుకొచ్చింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఎలుకల ఉపద్రవం వస్తే పిల్లుల్నీ ముంగిసల్నీ వదలమని ఉంది. వాటిని పట్టుకున్నా, కొట్టి చంపినా పన్నెండు పణాలు జరిమానా! 1908లో బీరారులోని అమరావతిలో సివిల్ సర్జన్‌గా ఉన్న బ్యుకానన్ అనే దొర, పిల్లులు ఎక్కువున్న ఊళ్ళలో ప్లేగు తక్కువగా ఉందని లెక్కలు కట్టి ఇంగ్లండు వైద్యపత్రికలో రాశాడు. మైసూరులో శామశాస్త్రిగారు అర్థశాస్త్రాన్ని అచ్చువేసింది ఆ మరుసటి ఏడు, 1909లో. పాపం, దొర ఒక్క ఏడాది ఆగి ఉంటే బోలెడు శ్రమ తప్పేది.

ఇక అసలు కథకొద్దాం. కృష్ణదేవరాయలు 1514లో మన ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలుచుకుని, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయాడు. ఇది చరిత్ర. ఆయన ఊళ్ళో ఎలుకలు పెచ్చుపెరిగి, ఇంటికో పిల్లినీ, దాని పాలకోసం ఒక ఆవునూ ఇప్పించాడని మన తాతలు చెప్పింది కథ. తెనాలి రామకృష్ణుడు మొదటిరోజే పిల్లి ముందు సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి మళ్ళీ పాలగిన్నె చూస్తే పారిపోయేది. పాలన్నీ రామకృష్ణుడి ఇంటిల్లిపాదీ తాగారు.

మూతి కాల్చడం ఏ లెక్కన చూసినా పాపమే. కాని పాలు మానడం వల్ల ఆ పిల్లికి పోయిందేమీ లేదని ఇవాళ పశువైద్యులు అంటారు. పాలలోని చక్కెరను, అంటే లాక్టోజును, అరిగించుకునే శక్తి పిల్లికి తల్లిపాలు మానాక క్రమంగా తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగుల్లో నీటిని లాక్కుంటుంది, పులుస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు ఒంట్లో నీరు పోతుంది. పాలు తాగించి దాహం తీర్చామనుకుంటే, ఉన్న నీరు కూడా పోగొట్టినట్టవుతుంది. అందరి పిల్లులకూ అలా కాకపోవచ్చు, రెండు చెంచాలు తాగి హాయిగా తిరిగేవీ ఉన్నాయి. మా అమ్మమ్మ పాలకుండను ఉట్టి మీద పెట్టి కాపాడింది కుటుంబం కోసమే అయినా, కింద కూర్చుని శాపనార్థాలు పెట్టిన పిల్లికి కూడా అది మేలే చేసింది.

పాలు సరే, తిండి మాటేమిటి? మాది శాకాహారం. గౌరి వచ్చిన కొత్తలో పెరుగన్నంతో సరిపెడదామని మా అత్తగారు ప్రతిపాదించారు. మైపాడు నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఆ మాట విని బుట్ట దించి మరీ నవ్వింది. "నీసు పెట్టకుంటే అది ఎట్టా బతకతాదమ్మా? మీ ఆచారం దానికేం తెలుసు?" అంది. శాస్త్రం కూడా ఆవిడ పక్షమే. మాంసంలోనూ చేపల్లోనూ ఉండే టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్ళు తగినంత తయారుచేసుకోలేదు. అది కరువైతే పిల్లికి కంటిచూపు పోతుందని 1975లోనూ, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోనూ అమెరికాలో కనిపెట్టారు. మా ఇంట్లో చర్చ రెండ్రోజులు నడిచి, పెరట్లో వేరే పొయ్యి, వేరే గిన్నె అన్న ఒప్పందం మీద ముగిసింది. వండేది మా వారు.

చేప పెట్టడంలోనూ పద్ధతి ఉంది. నెత్తళ్ళు, కవళ్ళు లాంటివి పచ్చివి రోజూ పెడితే వాటిలోని ఒక పదార్థం బి1 విటమినును పాడుచేస్తుంది. ఉడికిస్తే ఆ బెడద పోతుంది. ఉడికించిన నీళ్ళు పారబొయ్యకుండా అన్నంలో కలిపితే, నీళ్ళ గిన్నె వంక చూడని పిల్లి కూడా తెలియకుండానే నీళ్ళు తాగేస్తుంది. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ, అది వద్దు. నెల్లూరు చేపల పులుసు మనకెంత ప్రాణమైనా దాని మిగులు పిల్లికి పొయ్యకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాల్ని పగలగొడతాయి.

చేపలు తినే పిల్లి సంగతి వచ్చింది కనుక జపానులోని మినమాటా గురించి చెప్పకుండా ఉండలేను. అదీ మనలాంటి తీరమే. 1954లో అక్కడి ఒక చేపల పల్లెలో పిల్లులన్నీ పిచ్చెత్తినట్టు గంతులేసి చచ్చిపోయాయనీ, ఎలుకలు విపరీతంగా పెరిగాయనీ పత్రికలో వార్త వచ్చింది. ఎవరు పట్టించుకుంటారు, పిల్లులే కదా! 1956లో ఆ జబ్బే పిల్లలకు సోకిందని అధికారికంగా బయటపడింది. రసాయనాల కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి పిల్లుల్లోకి, మనుషుల్లోకి చేరింది. 1959లో ఆ కర్మాగారం ఆసుపత్రిలోనే పనిచేసే హొసొకావా అనే డాక్టరు అక్కడి మురుగునీటిని ఒక పిల్లి తిండిలో కలిపి పెట్టి చూశాడు. ఆ పిల్లికి జబ్బు వచ్చింది. యాజమాన్యం ఆ సంగతిని కప్పిపెట్టింది. పాదరసం వదలడం ఆగింది 1968లో. ఆ పిల్లికి పేరు లేదు, 400 అన్న నంబరు మాత్రం ఉంది.

పిల్లి ఏం తిన్నదో చూడటం సులువే, ఏం విసర్జించిందో చూడటమే కష్టం. మనవాళ్ళకు ఆ అవసరం ఉండేది కాదు. సముద్రం ఒడ్డున ఇసుకకు కరువా? పిల్లి వెళ్ళేది, గొయ్యి తీసేది, కప్పెట్టేది. మంచినీళ్ళ కుండ కింద తడి ఇసుక పోసి ఉంటే అక్కడే పని కానిచ్చి మా నానమ్మ చేత తిట్లు తిన్న పిల్లుల కథలు మా ఇంట్లో చాలా ఉన్నాయి. 1947లో అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో మంచుకాలం ఇసుక గడ్డకట్టిందని పొరుగావిడ వచ్చి అడిగితే, ఎడ్వర్డ్ లోవ్ అనే ఆయన తమ దుకాణంలో ఉన్న ఒకరకం మట్టిని ఇచ్చాడు. అక్కణ్ణించి పిల్లి ఇంట్లోనే తొట్టిలో పోవడం పెద్ద వ్యాపారమైంది. అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళకు ఇవాళ మనకూ అదే దిక్కు. ఒకందుకు మంచిదే, రోజూ తొట్టి శుభ్రం చేసేటప్పుడు అంతా తెలిసిపోతుంది. మామూలుగా రోజుకోసారి, ముదురు గోధుమరంగులో, ఆకారం నిలిచేలా ఉండాలి. మేకపెంటికల్లా గట్టిగా ఉంటే నీరు చాలడం లేదన్నమాట. తారులా నల్లగా ఉన్నా, నెత్తురు కనిపించినా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. బియ్యపుగింజల్లాంటివి కనబడితే బద్దెపురుగులు. గర్భిణులు మాత్రం ఆ తొట్టి జోలికి పోకుండా ఇంట్లో ఇంకెవరికైనా అప్పగించాలి. దాని ద్వారా సోకే ఒక జబ్బు కడుపులో బిడ్డకు ప్రమాదం.

అన్నిటికన్నా ముఖ్యమైనది మూత్రం. మా ఎదురింటి పిన్నిగారి గండుపిల్లి ఒకరోజు తొట్టిలోకి పోవడం, ముక్కడం, ఏమీ లేకుండా బయటికి రావడం మొదలెట్టింది. అందరూ మలబద్ధకమనుకున్నారు. ఆముదం పట్టారు. రెండోరోజు వాంతులు చేసుకుని మూల నక్కింది. మూడోరోజు పొద్దున్నకు లేదు. మగపిల్లికి మూత్రనాళం సన్నం, స్ఫటికాలో జిగురో అడ్డుపడితే మూత్రం బిగిసిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ముక్కుతోంది గాని తొట్టి తడవడం లేదంటే తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ పిల్లికి పాపం రోజూ బిస్కెట్లలాంటి ఎండు మేతే. రెండో ప్రపంచయుద్ధంలో రేకుకు కరువొచ్చి అమెరికాలో డబ్బా తిండి తగ్గి, ఎండు మేత ఇళ్ళల్లోకి చొరబడింది. అందులో నీరు నూటికి పది పాళ్ళు. ఎలుకలో డెబ్బై అని ఇందాక చెప్పాను కదా! ఎండుమేత తింటే తప్పేమీ లేదు, పక్కన నీళ్ళు తాగితే.

ఎంత తాగాలి? కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీలీటర్లు, తిండిలో ఉన్నదానితో కలిపి. నాలుగు కిలోల పిల్లికి మన కాఫీగ్లాసుతో గ్లాసు నిండా. పొద్దున కొలిచి పోసి, రాత్రి మిగిలింది కొలిస్తే సరి. మెడ వెనక చర్మం పట్టి వదిలితే చటుక్కున వెనక్కి పోవాలి, చిగుళ్ళు తడిగా ఉండాలి. ముసలిపిల్లి చర్మం ఎలాగూ బద్ధకంగానే కదులుతుంది కనుక దానికి చిగుళ్ళే నమ్మండి. వయసు మళ్ళిన పిల్లి ఉన్నట్టుండి గిన్నెలకు గిన్నెలు తాగేస్తుంటే సంతోషించకండి. మూత్రపిండాలు అలిసిపోయినా, చక్కెరవ్యాధి వచ్చినా అలా తాగుతుంది. రెండురోజులు పూర్తిగా తిండి మానితే కాలేయానికి కొవ్వు పడుతుంది, ముఖ్యంగా లావుపాటి పిల్లికి.

నీళ్ళు అన్నం పక్కన పెడితే చాలా పిల్లులు ముట్టవు. మీసాలు అంచుకు తగలని వెడల్పు పాత్ర కావాలి. గౌరికి రెండు మట్టిమూకుళ్ళు, ఒకటి వరండాలో, ఒకటి దేవుడిగది గుమ్మం పక్కన. రోహిణికార్తెలో నెల్లూరు ఎండకు మధ్యాహ్నానికే వేడెక్కుతాయి కనుక రెండుసార్లు మారుస్తాను. ఇంత చేసినా దానికి ఇష్టమైంది మాత్రం పెరటి కుళాయి కింద బక్కెట్టు. చుక్క చుక్కగా పడుతుంటే ముందు కాలితో తట్టి చూసుకుని, తరువాత నాలుక చాపుతుంది. కుళాయికి వాషరు వేయిస్తానని మా వారు అన్నప్పుడల్లా వాయిదా వేయిస్తున్నాను.