రాష్ట్రపతి ఎన్నికలో ఓటు విలువ

భారత రాష్ట్రపతి ఎన్నికలో ఓటరుకొక ఓటే ఉన్నా, అన్ని ఓట్ల విలువా ఒకటి కాదు. రాజ్యాంగం 54, 55 అధికరణల ప్రకారం పార్లమెంటు ఉభయ సభలకూ, శాసనసభలకూ ఎన్నికైన సభ్యులే ఇందులో ఓటర్లు. నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక ఎమ్మెల్యే ఓటు విలువ తేలుతుంది. దేశంలోని ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువను కూడి ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ వస్తుంది. కేంద్రం, రాష్ట్రాలు సరితూగాలన్నదే ఈ లెక్కలోని ఉద్దేశం.

జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో 42వ సవరణ 1971 జనగణననే ప్రాతిపదికగా నిలిపింది. 2001లో 84వ సవరణ ఆ ఏర్పాటును పొడిగించింది. ఆ లెక్కన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 148. విభజన తర్వాత అది ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132 అయింది. ఉత్తరప్రదేశ్‌లో 208 ఉంటే సిక్కింలో కేవలం 7.

గెలవాలంటే చెల్లిన ఓట్ల విలువలో సగానికి మించి రావాలి. ఎవరికీ రాకపోతే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగించి, అతని బ్యాలెట్లపై రాసిన తర్వాతి ప్రాధాన్యాన్ని లెక్కిస్తారు. ఈ నిబంధన నిజంగా పనికొచ్చింది 1969లో. ఆ ఏడాది మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించడంతో ఎన్నిక వచ్చింది. ప్రధాన పోటీదారులిద్దరూ తెలుగువారే. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్రుడిగా నిలిచిన వి.వి.గిరి. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్న ప్రధాని ఇందిరాగాంధీ మాట గిరికే మేలు చేస్తుందని అందరికీ తెలుసు.

తొలి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, స్వతంత్ర, జనసంఘ్ పార్టీల మద్దతున్న సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. కావలసినవి 4,18,169. కిందివారి ఓట్లు పంచాక రెడ్డికి దాదాపు 92 వేలు కలిశాయి, గిరికి 19 వేలలోపే. అయినా గిరి 4,20,077తో గట్టెక్కాడు, రెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయాడు. రెండో ప్రాధాన్యమే గిరిని గెలిపించిందని చెప్పుకోవడం సగం నిజమే. అందులో సింహభాగం రెడ్డికే పోయింది, గిరికి అసలు బలం తొలి లెక్కలోని ఆధిక్యమే. ఆ నవంబరులో కాంగ్రెస్ రెండుగా చీలింది. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా, ఒక్క ఓటూ లెక్కించనక్కరలేకుండా రాష్ట్రపతి అయ్యాడు.