పెడన అద్దకము – యంత్రహస్తము

మనుష్యాకృతి గల యంత్రమును నిర్మించి దానిచే పనులు చేయించుకొనవలెనను కోరిక నేటిది కాదు. పదునొకండవ శతాబ్దమున ధారానగరము నేలిన భోజుడు తన ‘సమరాంగణ సూత్రధార’మున దారుమయములైన స్త్రీపురుష యంత్రములను వర్ణించియే యున్నాడు. అయినను, కర్మశాలలలో మనుష్యుని చేతిపనిని హరించిన యంత్రములు ఆ చేతి ఆకారమును ధరించి వచ్చినవి కావు. మచిలీపట్టణమునకు సమీపముననున్న పెడనలో నేటికిని సాగుచున్న కలంకారీ అద్దకపు పూర్వకథ ఇందుకు చక్కని సాక్ష్యము.

1605లో డచ్చివారును 1611లో ఇంగ్లీషువారును మచిలీపట్టణమున వర్తకస్థానములను నెలకొల్పుకొనుటకు ఈ తీరపు అద్దకపు వస్త్రములు ముఖ్యకారణములలో నొకటి. వీని ధాటికి తాళలేక ఇంగ్లండు పార్లమెంటు 1700లోను, మరల 1721లోను నిషేధ శాసనములు చేసెను. నిషేధమొక యెత్తు, 1783లో థామస్ బెల్ పేటెంటు పొందిన గుండ్రపు రోలరు అచ్చుయంత్రమొక యెత్తు. చెక్కిన రాగిరోలరు తిరుగుచుండ వస్త్రము దాని నానుకొని ఎడతెగక సాగిపోవును; అచ్చు నెత్తుట, సరిచూచుట, మోపుట అను చేష్టలలో ఒక్కటియు అందు లేదు.

పెడన పనివాని చేతిలో నేమున్నది? కోరాబట్ట నుదికి, కరక్కాయ కషాయమున ముంచి ఆరవేయుదురు. బెల్లపునీట ఇనుము నానవేసి తీసిన ద్రావకము కరక్కాయతో కలిసినచోట నలుపు పుట్టును. పటికనీరు అద్దినచోట, పూర్వము చిరివేరుతోను తరువాత అలిజరిన్ అను రంగుతోను ఉడికించినపుడు, ఎరుపు పట్టును. విచిత్రమేమనగా, పటికనీటికి స్వతహాగా వన్నె లేదు. గుర్తుకై కొంచెము రంగు కలుపుకొన్నను, తానద్దునది యెట్లు తేలునో కాగులో ఉడుకువరకు అద్దువాని కంటికి కనబడదు. టేకు అచ్చును మెత్త పరచిన బల్లమీద మోపి పిడికిట గ్రుద్దునపుడు, బలమధికమైనచో గీతలు ముద్దయగును, చాలకున్న తెగిపోవును; తేమగాలి వీచునాడు ఆ లెక్కయు మారును.

ఫ్రాన్సులో వోకాన్సన్ 1738లో వేణువూదు మనుష్యబొమ్మను ప్రదర్శించి లోకమును మురిపించెను. తరువాత పట్టు మగ్గమును యంత్రముగా మార్పబూనినపుడు మాత్రము ఆయన బొమ్మను నేతకు కూర్చుండబెట్టలేదు. 1961లో అమెరికాలోని జనరల్ మోటార్సు కర్మాగారమున ప్రవేశించిన యూనిమేట్ అను రోబో సైతము తలయు కాళ్లును లేని ఒంటిచేయి. కర్మాగారముల మెట్లు, తలుపులు, పనిముట్లు మనుష్యుని కొలతకే అమరియున్నవి గనుక, రెండు కాళ్ల రోబో అయినచో వానిని మార్పనక్కరలేదన్నది నేటి నిర్మాతల వాదము. వాదము సమంజసమే. పెడన బల్లయెత్తును, పిడికిటికి సరిపోవు అచ్చును చూచినచో అట్టి రోబో ఇచ్చటనే నిలువగలదనిపించును. కాని దానికి కంటికి తెలియని ఎరుపును, గాలిలోని తేమను నేర్పువారెవరు?

ఇంతకును పెడన అచ్చుకు పోటీగా వచ్చినది రోబో కాదు, స్క్రీన్ ముద్రణము. చట్రమునకు బిగించిన సన్నని గుడ్డలోనుండి రసాయనపు రంగు వడిగా దిగును. కరక్కాయయు అక్కరలేదు, ఉడుకు కాగును అక్కరలేదు. ‘మచిలీపట్నం కలంకారీ’కి భౌగోళిక గుర్తింపు లభించినను, అంగడిలో అచ్చుగుడ్డను స్క్రీన్ గుడ్డనుండి విడదీయగల కొనుగోలుదారులు తక్కువ, వెలలోని భేదము మాత్రము ఎల్లరకును తెలియును.