డేగను పట్టినవాడు

డేగ వేట చరిత్ర అనగానే రాజుల పేర్లే ముందుకొస్తాయి. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన ‘మానసోల్లాసం’ డేగ వేటను రాజవినోదాల్లో ఒకటిగా చెప్పింది. గ్రంథానికి రాజు పేరుంది. పక్షిని పట్టి, మచ్చిక చేసి, ప్రభువు ముంజేతి మీదికి చేర్చినవాడి పేరు లేదు. ఈ క్రీడను నిలబెట్టింది మాత్రం అతనే అంటాను. డేగలను బోనుల్లో పెద్ద ఎత్తున పొదిగించి పెంచడం 1970ల దాకా ప్రపంచంలో ఎవరికీ సాధ్యపడలేదు. ఏ కొలువులో డేగ చచ్చినా, ఎగిరిపోయినా మరొకటి కావాలంటే బయటికి వెళ్లి పట్టుకు రావాల్సిందే. విజయనగరం, బొబ్బిలి సంస్థానాల కథలు ఎరిగినవారు, పోషించే దొర లేనిదే ఏ విద్య బతికిందని అడగవచ్చు. ఖర్చు దొరదే, కాదనను. కానీ ఆ ఖర్చుతో కొన్నది మరొకరి చేతిలోని విద్యను.

ఆ విద్య ఎంత లోతైనదో చెప్పే సాక్ష్యం ఒక వైద్యుడి పుస్తకంలో దొరుకుతుంది. టి.సి. జెర్డాన్ 1836లో మద్రాసులో దిగి, మొదట గంజాం జిల్లాలో జ్వరాలకు వైద్యం చేశాడు. శ్రీకాకుళం అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. తర్వాత నెల్లూరులోనూ పనిచేశాడు. 1862లో వెలువడిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ మొదటి సంపుటంలో బైరి డేగ, జాలె డేగ వంటి తెలుగు పేర్లనూ, వాటిని పట్టే తీరునూ రాసిపెట్టాడు. డేగ రెక్కలు చాపినంత పొడవున్న సన్నటి బెత్తం బద్ద తీసుకుని, రెండు కొసలకూ జిగురు పూసి, నడుమ గువ్వను కట్టి వదిలేవారు. డేగ దాన్ని తన్నుకుపోబోతే రెక్కల అంచులు జిగురుకు అంటుకుని నేలకు రాలేది. షాహీన్ డేగను చేతి మీదినుంచి వేటమీదికి వదిలేవారు కాదు. వేటగాళ్ల తలల మీద ఎత్తున చక్కర్లు కొడుతూ కాచుకుని ఉండేలా నేర్పేవారు. కౌజు లేచిందంటే రెండు మూడు దూకుళ్లు ముందుకు వేసి, రెక్కలు సగం ముడిచి ఏటవాలుగా దిగేది. స్వేచ్ఛగా ఆకాశంలో ఉన్న పక్షి కింద ఉన్న మనిషిని వదిలి పోకుండా ఉండటమంటే, దాని ఆకలినీ బెదురునూ రోజూ కనిపెట్టిన మనిషి ఒకడు ఉండి తీరాలి.

ఇదంతా చేతిపనే గాని శాస్త్రం కాదనేవారున్నారు. డేగ వేటగాళ్లు తమ పక్షులను నల్లకళ్లవి, పచ్చకళ్లవి అని రెండు తెగలుగా విడదీశారు. బైరి, షాహీన్ మొదటి తెగ. జాలె రెండో తెగ. కళ్ల రంగును బట్టి ఏర్పరచుకున్న ఈ విభజన నేటికీ చెక్కుచెదరలేదు. 2008లో వచ్చిన జన్యు పరిశోధన మొదటి తెగ చుట్టరికం జాలె డేగలతో కన్నా చిలుకలతోనే దగ్గరని తేల్చింది. చిలుకల సంగతి వేటగాళ్లకు తెలుసని నేననను. రెండూ ఒక్కటి కావని మాత్రం వారి కళ్లు కచ్చితంగా పట్టాయి.

ఇంకో అభ్యంతరం బరువైనది. పైకెగరాలని ఎర పక్షి కళ్లు కుట్టేసేవారని జెర్డానే రాశాడు. అది క్రూరత్వం, దానికి సమర్థన లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పట్టివేతను ఆపడం న్యాయమే, ఆ వేట మళ్లీ రావాలని నేను కోరను. అయితే వేట తప్పయినంత మాత్రాన వేటగాడి తెలివి అబద్ధం కాదు. ఇంగ్లీషులో జెర్డాన్ పేరే పెట్టిన కలివికోడి అనే పక్షి 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంటపడక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో దాన్ని మళ్లీ లోకానికి చూపింది రాత్రిపూట పొదల్లో తిరిగే ఒక స్థానిక వేటగాడు.