గాయాలు చెప్పిన సాక్ష్యం

మ్యూజియంలో ప్రాచీన ఆయుధాలను చూసేవారు వాటి పదునును, పనితనాన్ని మెచ్చుకుంటారు. వైద్యునికి మాత్రం, ఆ పదును ఏ శరీరంపై దిగిందో తెలుసుకోవాలనిపిస్తుంది. కైరోలోని ఈజిప్షియన్ మ్యూజియంలో భద్రపరచిన కొన్ని ఆయుధాలు ఈ విషయంలో ఒక రాజు మరణరహస్యాన్ని విప్పడానికి తోడ్పడ్డాయి.

క్రీస్తుపూర్వం 16వ శతాబ్దంలో ఉత్తర ఈజిప్టు, పశ్చిమాసియా నుంచి వచ్చిన హిక్సోసుల ఏలుబడిలో ఉండేది. దక్షిణాన థీబ్స్ నగరాన్ని పాలించిన సెకెనెన్‌రే టావో వారిని ఎదిరించాడు. అతని మమ్మీ 1881లో దైర్ ఎల్ బహ్రీ వద్ద లభించింది. 1886లో కట్లు విప్పినప్పుడు తలపై ఘోరమైన గాయాలు బయటపడ్డాయి. అతడు రణరంగంలో మరణించాడా, నిద్రిస్తుండగా కుట్రదారులు హతమార్చారా అన్న వాదం శతాబ్దానికి పైగా సాగింది.

2021లో రేడియాలజీ ఆచార్యురాలు సహర్ సలీమ్, పురావస్తు శాస్త్రవేత్త జాహీ హవాస్ ఆ మమ్మీకి జరిపిన సీటీ స్కాన్ ఫలితాలను ప్రకటించారు. నైలు డెల్టాలోని తెల్ ఎల్ దబా తవ్వకాలలో దొరికిన హిక్సోసుల గొడ్డలి, ఈటె, బాకులతో గాయాల ఆకారాలను, కొలతలను పోల్చారు. అవి సరిపోయాయి. దెబ్బలు పలు దిశల నుంచి, పలు ఆయుధాలతో తగిలాయి. అంటే కొట్టినవాడు ఒక్కడు కాడు. చేతులపై మాత్రం దెబ్బను అడ్డుకున్న గుర్తులు లేవు. ముంజేతులు వంగి ఉన్న తీరును బట్టి, చేతులు వెనక్కి కట్టి ఉండవచ్చునని వారు భావించారు. యుద్ధంలో బందీయై, సుమారు 40 ఏళ్ల వయస్సులో రాజు వధింపబడ్డాడని వారి అభిప్రాయం.

ఇటువంటి గాయాలకు ఆనాటి వైద్యులు ఏమి చేసేవారు? దాదాపు ఆ కాలానికే చెందిన ఎడ్విన్ స్మిత్ పపైరస్ ఇందుకు సమాధానమిస్తుంది. 1862లో లక్సర్‌లో కొనుగోలు చేసిన ఈ గ్రంథాన్ని జేమ్స్ బ్రెస్టెడ్ 1930లో ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. ఇందులో 48 రోగుల వివరాలు శిరస్సుతో మొదలై కిందికి సాగుతాయి. గాయాన్ని వేలితో తడిమి చూడాలి. ముక్కు, చెవుల నుంచి రక్తం కారుతున్నదా, మెడ బిగుసుకున్నదా గమనించాలి. పిదప వైద్యుడు మూడింటిలో ఒక మాట చెప్పాలి: చికిత్స చేయగలను, పోరాడి చూస్తాను, ఇది చికిత్సకు లొంగదు. మంత్రాల ప్రస్తావన ఇందులో చాలా అరుదు. ముందు పరీక్ష, తరువాత నిర్ణయం. నేటి వైద్యానికీ అదే పునాది.

పాఠకులారా, గొడ్డళ్ల కాలం పోయింది. నేడు తలను పగులగొట్టేది రహదారి. హెల్మెట్ ధరించండి. తలకు దెబ్బ తగిలిన తరువాత వాంతులు, మగత, మూర్ఛ, ముక్కు లేదా చెవి నుంచి రక్తం గాని నీరు గాని కారడం కనిపిస్తే, పైకి గాయం చిన్నదిగా ఉన్నా, క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి. సెకెనెన్‌రేకు దక్కని అవకాశం మనకు ఉన్నది.