పల్లమెరిగిన వాయువు

ఆకివీడు పరిసరములలో నేల ఎత్తుపల్లములు కంటికి కనిపించవు. భీమవరము నుండి గుడివాడ వైపు రైలులో పోవు ప్రయాణీకునకు భూమి అంతయు చాప పరచినట్లు తోచును. కాని బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీరు కొల్లేటిలో నిలుచుటకును, అక్కడి నుండి ఉప్పుటేరు వెంట సముద్రమునకు జారుటకును కారణము ఆ కనిపించని వాలే. అయిదవ కాంటూరు లోపల ఎవరి చెరువున్నది, వెలుపల ఎవరిదున్నది అను వాదములు వినుచు పెరిగిన ఇక్కడి విద్యార్థికి అడుగు ఎత్తు తేడా విలువ వేరుగా బోధింప నక్కరలేదు. నీరు పల్లమెరుగునని సామెత. నేడు ఈ ఊళ్ళ వంటిళ్ళలో పల్లమెరిగిన మరొక పదార్థము కాపురమున్నది. అది ఎర్ర సిలిండరులోని వంటగ్యాసు.

దీనికి ముందు ఈ ప్రాంతపు పొయ్యిలలో కాలినవి కట్టెలు, పిడకలు, తాటిమట్టలు, ధాన్యపు మిల్లుల ఊక. తాటాకు ఇండ్ల కాలమునాటి అగ్నిభయము నిప్పురవ్వ నుండి పుట్టెడిది. నిప్పు ఉన్నచోట భయము, ఆరినచోట నిర్భయము. రాత్రి పొయ్యిలో నీళ్ళు చల్లి పడుకొన్న ఇల్లాలికి నిశ్చింత. వంటగ్యాసు ఈ లెక్కను తారుమారు చేసినది. బర్నరుపై మంట వెలుగుచున్నంతసేపు వాయువు వెలువడినంతయు కాలిపోవుచుండును గనుక చిక్కులేదు. మంట లేకుండ వాయువు వెలువడునప్పుడే ముప్పు. తరతరముల అలవాటునకు ఇది పూర్తిగా విరుద్ధము. అందుచేతనే ఈ వాయువు విషయములో మనుష్యులు నేర్చిన జాగ్రత్తలలో అనేకము ఆలస్యముగాను, మిక్కిలి ఖరీదుగాను నేర్చినవి.

పెట్రోలు నుండి ఎడతెగక వెలువడు ఆవిరులలో ప్రొపేన్, బ్యూటేన్ అను వాయువులున్నవని అమెరికాలో వాల్టర్ స్నెల్లింగ్ అను రసాయనవేత్త 1910 ప్రాంతమున కనుగొనెను. ఈ వాయువులను కొద్దిపాటి పీడనముతో ద్రవముగా మార్చవచ్చును. పీడనము తొలగింపగానే తిరిగి వాయువగును. ఈ పద్ధతికి ఆయన 1913లో పేటెంటు పొందెను. మన దేశమున బర్మాషెల్ కంపెనీ 1955లో బొంబాయిలో బర్షేన్ పేరుతో సిలిండర్లమ్మసాగెను. 1965లో కలకత్తాలో మొదటి ఇండేన్ కనెక్షను ఇయ్యబడినది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకము, 2016లో వచ్చిన ఉజ్వల పథకము సిలిండరును పట్టణపు మేడల నుండి పల్లెలకు చేర్చినవి. 2024 చివర రాష్ట్ర ప్రభుత్వము ఏడాదికి మూడు సిలిండర్ల ఉచిత పథకమును ఆరంభించినది. ఊకపొయ్యి నూదిన అవ్వయు, లైటరు నొక్కు మనుమరాలును ఒకే ఇంట ఉన్న కాలమిది. అవ్వకు తెలిసిన అగ్నిశాస్త్రము మనుమరాలికి సగమే పనికివచ్చును.

ఈ వాయువుల స్వభావము చూతము. ప్రొపేన్ సున్నకు దిగువ 42 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. బ్యూటేన్ ఇంచుమించు సున్న వద్దనే మరుగును. కావున మన ఎండలలో సిలిండరులోని ద్రవము ఎల్లప్పుడును మరుగుటకు సిద్ధముగ నుండి, పైనున్న ఖాళీలో తన ఆవిరి నింపి ఉక్కుగోడలను ఒత్తుచుండును. ఆ ఖాళీ తప్పనిసరి. వేడికి ద్రవము వ్యాకోచించును గనుక సిలిండరును నిండుగా నింపక, సుమారు ఏడింట ఒక వంతు వదలివేయుదురు. నిలబెట్టిన సిలిండరు నుండి వచ్చునది పైభాగపు ఆవిరి. పడుకోబెట్టినచో రెగ్యులేటరులోనికి ద్రవమే చొరబడును. ద్రవము ఒక లీటరు బయటపడిన ఆవిరిగా 250 లీటర్లకు పైబడును. గ్యాసు అయిపోవచ్చినదని సిలిండరును వంచి, దొర్లించి వాడు ఇండ్లు ఇంకను ఉన్నవి. చివరి కూర ఉడికించుకొను ఆ పొదుపు ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క లెక్క చెప్పును.

మీథేన్ గాలిలో సగము పైచిలుకు బరువు మాత్రమే ఉండి పైకి లేచును. ప్రొపేన్ గాలికంటె ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. వంటగ్యాసు నేలకు దిగి, గడప దాటి, తూములోనికి జారి, గుంతలో నిలుచును. గాలిలో నూటికి సుమారు 2 పాళ్ళు చేరినప్పటి నుండి 9 పాళ్ళ వరకు అది మండగలదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లుగల వంటగదిలో 27 ఘనమీటర్ల గాలి ఉండును. అందులో నూటికి 2 పాళ్ళనగా అర ఘనమీటరు మాత్రమే. దాని బరువు కిలోకు కొంచెము పైన. 14.2 కిలోల సిలిండరులో ఇది సుమారు పన్నెండవ వంతు. వాయువు గదియంతట సమముగా కలియక నేలబారున నిలుచును గనుక అంత కూడ అక్కరలేదు.

ఇంత సూక్ష్మమైన పదార్థమునకు సహజముగా వాసన లేదు. సిలిండరు విప్పగానే ముక్కుకు తగులు కుళ్ళిన వాసన ఇథైల్ మెర్కాప్టన్ అను గంధక సమ్మేళనముది. ఇది కోరి కలిపినది. దీని వెనుక ఒక పాఠశాల కథ కలదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమున న్యూ లండన్ అను ఊరు చమురుబావుల నడుమ ఉండి ధనవంతమైనది. అక్కడి పాఠశాలను వెచ్చబెట్టుటకు చమురుబావుల నుండి వ్యర్థముగ పోవు సహజవాయువును చౌకగా తెచ్చుకొనిరి. దానికి రంగును లేదు, వాసనయు లేదు. గొట్టము కారి వాయువు నేలకట్టు క్రింది ఖాళీలో నిండినది. 1937 మార్చి 18వ తేదీ మధ్యాహ్నము మూడు గంటలు దాటిన తరువాత చేతిపనుల గదిలో ఒక విద్యుద్యంత్రమును కదిలించు స్విచ్చి నిప్పురవ్వ చిమ్మినది. భవనము లేచి కూలినది. మరణించినవారు సుమారు 300 మంది. అందరికంటె ఎక్కువ విద్యార్థులు, తరువాత ఉపాధ్యాయులు. కొన్ని వారములలోనే టెక్సాస్ శాసనసభ వాయువునకు వాసన కలుపుట తప్పనిసరి చేసినది. ఆ పద్ధతి తరువాత ప్రపంచమంతట వ్యాపించినది. మండుటకు కావలసిన కనీసపు పాళ్ళలో అయిదవ వంతు చేరులోపలనే ముక్కు కనిపెట్టగలుగునట్లు ఈ వాసనను కలుపుదురు. అనగా వాసన తగిలిన క్షణమున ఇంకను వ్యవధి ఉన్నదన్నమాట. ఆ వ్యవధిలో ఏమి చేయుదురన్నదే ముఖ్యము.

వ్యవధిని ఎట్లు పోగొట్టుకొందురో ఫ్రాన్సులోని ఫేజాన్ రిఫైనరీ చూపినది. 1966 జనవరి 4వ తేదీ తెల్లవారుజామున ప్రొపేన్ నింపిన గోళాకారపు ట్యాంకు అడుగు నుండి నమూనా తీయుచు కవాటములు తెరచిరి. ద్రవము వాయువుగా మారునప్పుడు చుట్టునున్న వేడిని పీల్చుకొనును. ఆ చలికి కవాటము గడ్డకట్టి మరల మూతబడలేదు. వాయువు తెల్లని పొగమంచువలె నేలపై పాకుచు, దాదాపు 160 మీటర్ల దూరమున రోడ్డుపైనున్న ఒక కారును చేరి అంటుకొన్నది. మంట వాయువు వచ్చిన దారినే వెనుకకు ట్యాంకు వరకు పరుగెత్తినది. ఆర్పువారు ప్రక్క ట్యాంకులపై నీరు చల్లి, మండు ట్యాంకునకు రక్షక కవాటమున్నదని ధైర్యపడిరి. ద్రవము తగులుచున్న గోడ ఆ ద్రవము వలననే చల్లగానుండును. ద్రవమట్టమునకు పైనున్న ఉక్కు మాత్రము ఎర్రగ కాలి మెత్తబడును. సుమారు గంటన్నరకు ట్యాంకు చీలినది. మృతులు 18 మంది. వారిలో 11 మంది అగ్నిమాపక సిబ్బంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పాఠము 1997 సెప్టెంబరు 14, ఆదివారము ఉదయమున విశాఖపట్నము రిఫైనరీలో పునరావృతమైనది. ఓడ నుండి వంటగ్యాసును ట్యాంకులకు తరలించుచుండగా గొట్టము కారి, వాయుమేఘము నేలపై వ్యాపించి నిప్పునందుకొన్నది. గోళపు ట్యాంకులు పేలినవి. సుమారు 60 మంది మరణించిరి.

గోదావరి డెల్టా ప్రజలకు ఈ విషయములో మరి రెండు జ్ఞాపకములున్నవి. ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు తక్కువ. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ తవ్వుచున్న బావి అదుపు తప్పి అంటుకొన్నది. ఆకాశమునంటు ఆ మంట 65 రోజులు మండి, మార్చి 15న అదుపులోనికి వచ్చినది. ఊళ్ళు ఖాళీ చేయించిరి, కొబ్బరితోటలు మాడినవి, రాత్రులు పగళ్ళైనవి. అయినను మనుష్యుల ప్రాణములు పోలేదు. మంట ఎదుట కనబడుచుండెను గనుక జనము తొలగిపోగలిగిరి.

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున ఆ ప్రాంతమునకే చెందిన నగరం గ్రామమున జరిగినది దీనికి పూర్తిగా వేరు. తాటిపాక నుండి కొండపల్లి వైపు సహజవాయువును కొనిపోవు గెయిల్ సంస్థ గొట్టము పగిలి, జనులు నిదుర లేవకముందే వాయువు ఇండ్ల నడుమ ఆవరించినది. టీ కొట్టులో పొయ్యి వెలిగింపగా అంటుకొన్నదని అప్పటి వార్తలు. ఇరువది మందికి పైగా మరణించిరి. పొడివాయువు కొరకు వేసిన గొట్టములో తేమగల వాయువును పంపుటచే లోపలి ఉక్కు తినివేయబడినదని విచారణలో తేలినది. ఇందలి రసాయనశాస్త్రము హైస్కూలు పాఠమే: బొగ్గుపులుసు గాలి నీటితో కలిసిన స్వల్పముగ ఆమ్లమగును, ఆ ఆమ్లము ఏండ్ల తరబడి ఇనుమును కొరుకును. పైకి రంగు వేసినందువలన లోపలి పుండు మానదు. మీథేన్ తేలికగదా, పైకి పోయియుండవలసినది కాదా యని విద్యార్థి అడుగవచ్చును. అంత పీడనముతో అంత వాయువు ఒక్కసారిగ వెడలినప్పుడు, గాలి కదలని వేకువన, అది చెదరిపోవుటకు వ్యవధి చాలదు. కోనసీమ నుండి కొండపల్లికి పోవు గొట్టమేదైనను పశ్చిమ గోదావరి నేలను దాటక తప్పదు గనుక, పొలములలో పసుపుపచ్చని గుర్తురాళ్ళు చూచువారికి అది పరుల కథ కాదు.

ఇక వంటింటి సంగతి. పైని కథలు తెలిసిన పిమ్మట జాగ్రత్తలు కంఠస్థము చేయవలసిన పట్టికవలె తోచవు. వాసన తగిలినప్పుడు మొదటి పని చేతిని స్విచ్చి నుండి దూరముగ నుంచుట. వేయుట మాత్రమే కాదు, ఆర్పుట కూడ కూడదు; రెంటియందును రవ్వ పుట్టును. ఫ్యాను తిప్పి గ్యాసును తోలివేయుదమను ఆలోచన న్యూ లండన్ పాఠశాలలోని యంత్రపు స్విచ్చి వంటిదే. దేవునియెదుట దీపమున్న దూరము నుండి నీళ్ళు చల్లి కాదు, వాయువు అటు చేరకముందే ఆర్పవలెను. చేరినదన్న అనుమానమున్నచో మనుష్యులు వెడలుటే మేలు. స్టౌ మరలు, రెగ్యులేటరు మూసి, తలుపులు కిటికీలు బార్లా తెరువవలెను. కిటికీకంటె తలుపు ముఖ్యము, ఏలయన గ్యాసు గడప మట్టముననే ఉన్నది. వీలైనచో రెగ్యులేటరు తీసి, సిలిండరుతో వచ్చిన ప్లాస్టిక్ మూతను బిగించి ఆరుబయటకు చేర్చవలెను. కాలువగట్టు ప్రక్క గుంతలోనికి మాత్రము కాదు. ఫోను ఇంటి వెలుపలికి పోయిన తరువాతనే. 2016 జనవరి నుండి గ్యాసు లీకులకై 1906 అను నంబరు దేశమంతట ఉన్నది.

రబ్బరు గొట్టము వద్దనో, సిలిండరు ముఖము వద్దనో మంట పుట్టినచో రెగ్యులేటరు మూయగలిగినంతవరకు మూయుటయే మందు. తడిగుడ్డ కప్పి మంటనణచి వెంటనే కవాటము కట్టివేయుటను గ్యాసు ఏజెన్సీలవారు ప్రదర్శించి చూపుదురు. అయితే కవాటము మూతపడనప్పుడు మంటను మాత్రము ఆర్పుట తెలివి కాదు. మండుచున్న వాయువు కాలి పోవును. ఆరిన వాయువు గదిలో నిండును. అప్పుడు అందరిని వెలుపలికి పంపి, చాటున నిలిచి సిలిండరుపై నీరు కొట్టుచు అగ్నిమాపకదళమునకై వేచియుండవలెను. నీరు ఎక్కువగా పడవలసినది పైభాగముననే. ఫేజాన్‌లో మెత్తబడినది ఆ భాగమే. ఒళ్ళు కాలినవారికి ఇరువది నిమిషములు చల్లని నీటిధార పట్టవలెను. సిరా, పేడ, టూత్‌పేస్టు పూయువారు వైద్యునికి పని పెంచుచున్నారు.

ప్రతి సిలిండరు కవాటములోను చిటికెనవేలి ఉంగరమంత రబ్బరు చక్రము ఉండును. అది చిట్లిననో, జారిపోయిననో రెగ్యులేటరు ఎంత బిగించినను గ్యాసు కారును. సిలిండరు తెచ్చినవాని యెదుటనే మూత తీయించి, కవాటముపై సబ్బునీరు వేసి బుడగ లేవకుండుట చూడవలెను. అగ్గిపుల్లతో లీకు వెదకు వీరులకు చికిత్స లేదు. రబ్బరు గొట్టము అయిదేండ్లకు మించి వాడరాదు. ఎలుకలున్న ఇంట అంతకు ముందే చూచుకొనవలెను. స్టౌ ఎల్లప్పుడు సిలిండరు కంటె ఎత్తున ఉండవలెను. అరుగు క్రింద బీరువా కట్టి తలుపు వేసి సిలిండరును దాచుట చూపునకు బాగుండును గాని, కారిన గ్యాసుకు అది కొల్లేరే. ఉప్పుటేరు లేని కొల్లేరు. అడుగున గాలి రంధ్రములు లేని బీరువాలో సిలిండరు పెట్టరాదు.

ఇటీవల గోదావరి జిల్లాలలో కొన్నిచోట్ల గొట్టముల ద్వారా ఇంటింటికి సహజవాయువు వచ్చుచున్నది. ఇది మీథేన్. పొయ్యి అదే, నీలిమంట అదే, కలిపిన దుర్వాసన కూడ అట్టిదే. కాని కారినప్పుడు ఇది మిద్దె క్రిందికి చేరును. కావున దీనికి గాలి రంధ్రము పైకప్పు దగ్గర ఉండవలెను. గొట్టపు గ్యాసు వచ్చిన పిదపయు పండుగలకు పనికివచ్చునని పాత సిలిండరును మూలనుంచుకొన్న ఇంట పైన ఒకటి, నేలను అంటి ఒకటి రెండు రంధ్రములును కావలెను.