తపాలా గీసిన పటం

పాత ‘చందమామ’ సంచికలు తిరగేసినవారికి వడపళని, మద్రాసు-26 అనే చిరునామా గుర్తుండే ఉంటుంది. విజయా-వాహినీ స్టూడియోలు వెలసిందీ ఆ పేటలోనే. తెలుగు సినిమావాళ్లు ఎందరో కాపురమున్న త్యాగరాయనగర్‌ మద్రాసు-17. దేశమంతటికీ పిన్‌కోడ్‌ రాకముందే తపాలా శాఖ పెద్ద నగరాలను ఇలా పేటలవారీగా పంచుకుంది. పిన్‌ వచ్చాక కూడా ఆ అంకెలు పోలేదు. 26 కాస్తా 600026లో, 17 కాస్తా 600017లో ఒదిగిపోయాయి.

నగరాల సంగతి సరే, పల్లెల మాటేమిటి? కొత్తపల్లి, రామాపురం, వెంకటాపురం లాంటి పేర్లు తెలుగునాట ఏ జిల్లాలో చూసినా కనిపిస్తాయి. దానికితోడు అర్థంకాని చేతిరాతలు, రకరకాల లిపులు. తెలుగులో చిరునామా రాసిన కవరు కలకత్తాలో డబ్బాలో పడితే అక్కడి సార్టర్‌ దాన్ని ఏ సంచిలో వేయాలి?

అంకెలైతే అందరూ చదవగలరు. ఆ దారిలో ఆలోచించి పిన్‌కోడ్‌కు రూపమిచ్చిన అధికారి శ్రీరామ్‌ భికాజీ వేలంకర్‌. తపాలా తంతి బోర్డు సభ్యుడైన ఆయన సంస్కృత కవి కూడా. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు నిండిన 1972 ఆగస్టు 15న పిన్‌ అమల్లోకి వచ్చింది.

అంకెల్లో ఏముంది?

దేశాన్ని ఎనిమిది మండలాలుగా విభజించి, 9 అంకెను సైనిక తపాలాకు కేటాయించారు. రాజమండ్రి పిన్‌ 533101నే తీసుకుందాం. మొదటి 5 ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ, కర్ణాటకల మండలం. 53 అంటే ఉత్తర కోస్తా, గోదావరి ప్రాంతం. 533 పాత తూర్పు గోదావరి జిల్లా ఉత్తరాలు వేరుచేసే సార్టింగ్‌ జిల్లా. చివరి 101 బట్వాడా చేసే పోస్టాఫీసు. పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసులకు సాధారణంగా విడిగా పిన్‌ ఉండదు, పై పోస్టాఫీసుదే వాటికీ వర్తిస్తుంది. అందుకే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒకటే పిన్‌ కనిపిస్తుంది.

హైదరాబాద్‌ అంకెల్లో నగరం పెరిగిన తీరు కూడా కొంత తెలుస్తుంది. 500001 అబిడ్స్‌లోని జనరల్‌ పోస్టాఫీసుది. సికింద్రాబాద్‌ 500003, ఖైరతాబాద్‌ 500004. బంజారాహిల్స్‌ దగ్గరికొచ్చేసరికి 500034, కూకట్‌పల్లికి 500072, మాదాపూర్‌కు 500081.

సర్కారు హద్దులు వేరు, సంచి దారి వేరు

యానాం పుదుచ్చేరిలో భాగం. పుదుచ్చేరి పిన్‌ 605తో మొదలవుతుంది. కానీ గోదావరి ఒడ్డునున్న యానాం పిన్‌ 533464. పుదుచ్చేరిలోనే భాగమైనా కేరళ పక్కనున్న మాహేది 673310. పాలన ఎక్కడినుంచి సాగినా ఉత్తరం మాత్రం పక్క ఊరి మీదుగానే రావాలి కదా! పిన్‌ చూసేది ఆ దారినే.

మన రాష్ట్ర విభజన కథా ఇలాంటిదే. 1972లో రాష్ట్రం ఒక్కటే. అయినా తెలంగాణ జిల్లాలకు 50, రాయలసీమకు 51, కోస్తాకు 52, 53 కేటాయించారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ అంకెలు దాదాపు సరిహద్దుకు సరిపోయాయి. పోలవరం ముంపు మండలాల దగ్గరే లెక్క తప్పింది. చింతూరు, కూనవరం వంటివి ఆంధ్రప్రదేశ్‌లో కలిసేనాటికి వాటి పిన్‌ ఖమ్మం జిల్లా 507తోనే ఉంది.

హద్దుల మాటే కాదు, కాలం మాటా ఉంది. తెలుగు భక్తులు ఏటా వేలాదిగా వెళ్లే శబరిమలకు సొంత పిన్‌ 689713 ఉంది. అక్కడి పోస్టాఫీసు ఏడాది పొడవునా తెరిచి ఉండదు, మండల పూజ, మకరవిళక్కు కాలంలోనే పనిచేస్తుంది. అయ్యప్ప పేరిట పెళ్లి శుభలేఖలు, మనియార్డర్లు వస్తుంటాయి.

పిన్‌ మీ ఇంటిని చూపదు, ఇంటికి ఉత్తరం తెచ్చే పోస్టాఫీసును చూపుతుంది. ఆ లోటు తీర్చేందుకే తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్‌ తెచ్చింది. దాదాపు నాలుగు మీటర్ల చదరపు గడిని సైతం గుర్తించే, అక్షరాలూ అంకెలూ కలిసిన పది స్థానాల కోడ్‌ ఇది. దీని తయారీలో ఐఐటీ హైదరాబాద్‌, ఇస్రోకు చెందిన హైదరాబాద్‌ సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ పాలుపంచుకున్నాయి. అయితే పాత పిన్‌ రద్దు కాలేదు.

పిన్‌ అలాగే ఉన్నా జిల్లాలు మారాయి. తెలంగాణలో పది జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు 2022లో 26 అయ్యాయి. జిల్లా పేరు పాతది రాసినా పిన్‌ సరిగా ఉంటే ఉత్తరం చేరుతుంది. పిన్‌లో ఒక్క అంకె తప్పితే మాత్రం అది మరో ఊరు చూసి రావాల్సి వస్తుంది. కవరు మీద ఆ ఆరు గళ్లనూ ఒకసారి సరిచూసుకున్నాకే డబ్బాలో వేయండి.